స్కైలాబ్ పడ్డ రాత్రి

1979 జులై 11, బుధవారం. కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. పొద్దు గూకింది. పండగా కాదు, పెళ్లీ కాదు, కానీ ఏ గడప ముందు ఆగినా కోడికూర వాసనే. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. మీరూ ఓ మూల సర్దుకుని కూర్చున్నారు.

"స్కైలాబ్ ఏడ పడ్తదో అమెరికోళ్లకే ఎర్క లేదంట," అంటున్నాడు ఇంటాయన.

"అట్లయితే నా పైసలు ఇయ్యాల్నే ఇయ్యరాదె కాకా."

"రేపటిదాంక బతికుంటే ఇస్త తియ్‌రా."

నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మేకల్ని అయినకాడికి అమ్ముకున్నవాళ్లున్నారు, ఉన్నదంతా వండుకు తిన్నవాళ్లున్నారు. ఈ భయాన్ని పల్లెటూరి అమాయకత్వం అనేసి తర్వాత్తర్వాత చాలామంది నవ్వుకున్నారు. నేను నవ్వను. శకలం ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో 1 వంతు అని లెక్కగట్టి చెప్పింది సాక్షాత్తూ నాసానే.

తల పైకెత్తి చూస్తారు. ఏమీ కనబడదు. ఆ చీకట్లో ఎక్కడో స్కైలాబ్, 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం, భూమి చుట్టూ తిరుగుతోంది. 1973 మేలో ఎగిరింది. మూడు వ్యోమగాముల బృందాలు అందులో ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరి నుంచి ఖాళీ. స్పేస్ షటిల్ వెళ్లి దాన్ని పైకి నెడుతుందనుకున్నారు. షటిల్ సిద్ధం కాలేదు. ఈలోగా సూర్యుడు అనుకున్నదానికంటే చురుగ్గా మారాడు. ఆ వేడికి పై వాతావరణం ఉబ్బి, దాని రాపిడికి స్కైలాబ్ కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చింది. దాన్ని కావలసిన చోట దించే ఇంజను దానికి లేదు. హ్యూస్టన్‌లోని నాసా ఇంజనీర్ల చేతిలో మిగిలిన ఉపాయం ఒక్కటే: గిరగిరా దొర్లించి, గాలి పట్టును మార్చి, ఉత్తర అమెరికాను దాటించడం. దక్షిణాఫ్రికాకు దిగువన సముద్రంలో పడాలని వాళ్ల లెక్క.

మన గడియారంలో రాత్రి పది దాటింది. అట్లాంటిక్ నడుమ అసెన్షన్ దీవి దాటేటప్పటికి కూడా అది విరగలేదు. లెక్క తప్పింది. అనుకున్నదానికంటే ఆలస్యంగా ముక్కలై, హిందూ మహాసముద్రం దాటేసింది.

ఇప్పుడు మీరు పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఎస్పెరాన్స్ అనే తీరపు ఊళ్లో ఉన్నారు. ఇక్కడ అర్ధరాత్రి దాటి అరగంటయింది. చలికాలం. ముందు వెలుగొచ్చింది, చప్పుడు లేదు. నీలంగా మొదలై నారింజ, ఎరుపు రంగుల్లోకి మారుతూ నిప్పుముక్కలు బారులుగా తల మీదుగా సాగిపోతున్నాయి. ఎంతసేపూ శబ్దం రాదేమిటా అనుకుంటుండగా వచ్చింది. ఒకదాని వెంట ఒకటి, గుండె అదిరే పేలుళ్లు. కాళ్ల కింద నేల అదిరింది. కుక్కలు మొరుగుతున్నాయి. కాసేపటికి కాలిన వాసన.

తెల్లారింది. కరీంనగర్ పల్లెలో కోళ్లు మిగల్లేదు గనక కూతా లేదు. చావు తప్పింది, చేసిన అప్పులు తప్పలేదు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు కొందరు స్కైలాబ్ అనే పేరే పెట్టుకున్నారు.

ఎస్పెరాన్స్‌లో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఇంటి దగ్గర దొరికిన మాడిన ముక్కల్ని పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఎక్కాడు. మొదటి శకలం తెచ్చినవారికి 10,000 డాలర్లిస్తామని అక్కడి పత్రిక ఒకటి ప్రకటించింది మరి. ఆ బహుమతి అతనికే దక్కింది. లోపలి మైదానాల్లోని పశువుల క్షేత్రాల్లో ఆక్సిజన్ ట్యాంకులు దొరికాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆస్ట్రేలియాకు క్షమాపణ చెప్పాడు.

ఎస్పెరాన్స్ స్థానిక పాలకమండలి మాత్రం చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకే రాశారు. నాసా కట్టనూ లేదు. ముప్పై ఏళ్లు గడిచాక, 2009లో, కాలిఫోర్నియా రేడియో వ్యాఖ్యాత ఒకాయన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి ఆ జరిమానా కట్టేశాడు.