దుమ్ము పీల్చు యంత్రము - కొన్నవారి నిరాశ

ఇల్లు ఊడ్చుకొనుట మానవుడు గూడు కట్టుకొన్ననాటి నుండి ఉన్న పనియే. చీపురు దుమ్మును ఒకచోటి నుండి మరియొక చోటికి నెట్టును. అందు కొంత గాలిలోనికి లేచి, కొంతసేపటికి మరల నేలపైననే వాలును. దుమ్మును నెట్టుటకు బదులు పీల్చివేసినచో ఈ బెడద తీరును గదా అను ఆలోచన నుండి వాక్యూమ్ క్లీనరు పుట్టినది. అది పుట్టి నూరేండ్లు దాటినను, కొన్నవారిలో అనేకులు కొలది నెలలకే పెదవి విరచుచున్నారు. అందులోను మధ్యరకపు వెల పెట్టినవారికి ఆశాభంగము తరచుగా కలుగుచుండును. చవుకది కొన్నవాడు ఎక్కువ ఆశింపడు. నడిమివాడు పెట్టె మీది అంకెలను నమ్మి కొనును. ఆ అంకెల చరిత్రము తెలిసినచో నిరాశకు కారణము బోధపడును.

ఊదుటయా, పీల్చుటయా?

1869 లో షికాగో నివాసి ఐవ్స్ మెక్‌గాఫీ చేతితో త్రిప్పెడు పంఖా గల తుడుపు యంత్రమునకు పేటెంటు పొందెను. ఒక చేతితో పిడిని త్రిప్పుచు, రెండవ చేతితో యంత్రమును నెట్టవలసివచ్చుటచే అది అంతగా వ్యాప్తి చెందలేదు.

1901 లో లండను నగరములోని ఎంపైర్ మ్యూజిక్ హాలులో ఒక అమెరికా యంత్రమును ప్రదర్శించిరి. అది గాలిని ఊది దుమ్మును లేపెడిది. చూచుచున్నవారిలో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు ఉండెను. ఊదుటకు బదులు పీల్చరాదా అని అతనికి తోచెను. పిమ్మట అతడు ఒక భోజనశాలలో మఖమలు కుర్చీపై చేతిరుమాలు పరచి, దానిపై నోరుంచి గట్టిగా పీల్చెననియు, రుమాలు అడుగున దుమ్ము చార ఏర్పడెననియు చెప్పుదురు. ఈ చిన్న ప్రయోగములోనే యంత్రముయొక్క రెండు ముఖ్యాంగములు కలవు. ఒకటి గాలిని లాగు బలము. రెండవది గాలిని పోనిచ్చి దుమ్మును ఆపు గుడ్డ. ఈ రెంటికిని పొత్తు కుదురుట కష్టము. ఆ చిక్కే నేటివరకు వెంబడించుచున్నది.

బూత్ యంత్రము గుఱ్ఱపు బండిపై వచ్చెడిది. పెట్రోలు ఇంజను వీథిలో నిలిచియుండగా, పొడవైన గొట్టములను కిటికీల గుండ లోనికి పంపి తివాచీలను శుభ్రము చేసెడివారు. 1902 లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను ఈ యంత్రముతోనే శుభ్రపరచిరి.

దానిని ఇంటిలోనికి తెచ్చినవాడు జేమ్స్ మరే స్పాంగ్లర్. ఇతడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి కాంటన్ పట్టణములో ఒక దుకాణమును ఊడ్చెడి ఉద్యోగి. ఉబ్బసరోగి యగుటచే చీపురు దుమ్ము అతనికి ప్రాణసంకటముగా నుండెను. 1907 లో అతడు ఒక విద్యుత్ పంఖా మోటారును, సబ్బు పెట్టెను, చీపురుకఱ్ఱను, దిండుగలీబును కూర్చి యంత్రము చేసి, 1908 లో పేటెంటు పొందెను. ఆ హక్కులను విలియం హూవర్ కొని పరిశ్రమ స్థాపించెను. ఆ దిండుగలీబే నేటి సంచికిని, వడపోతకును పూర్వరూపము.

పీల్చుట అనగానేమి?

యంత్రము దుమ్మును లాగునని అందురు గాని, నిజమునకు బయటి గాలియే దానిని లోనికి నెట్టును. పంఖా తిరిగి లోపలి పీడనమును తగ్గించును. అధిక పీడనము గల బయటి గాలి లోనికి దూసికొనివచ్చుచు దుమ్మును వెంట తెచ్చును. వాతావరణ పీడనము సుమారు 101 కిలోపాస్కళ్ళు. ఇండ్లలో వాడు యంత్రము ఇందులో అయిదవవంతు, అనగా 20 కిలోపాస్కళ్ళ వరకు తగ్గించగలదు. కనుక పేరునకు శూన్యమే గాని, నిజమైన శూన్యము అందు లేదు.

20 కిలోపాస్కళ్ళ తగ్గుదల మూతిని పూర్తిగా మూసినప్పుడే కలుగును. అప్పుడు గాలి కదలదు, దుమ్మును కదలదు. మూతిని పూర్తిగా తెరచినచో గాలి మిక్కిలిగా పారును గాని పీడన భేదము దాదాపు లేకుండపోవును. ఉపయోగపడు శక్తి ఈ రెంటి గుణకారమే.

ఉదాహరణకు, మూసినప్పుడు 20 కిలోపాస్కళ్ళు, తెరచినప్పుడు సెకనునకు 40 లీటర్ల గాలి ఇచ్చు యంత్రమును తీసికొందము. ప్రవాహము పెరిగినకొలది పీడన భేదము క్రమముగా తగ్గుననుకొందము. సెకనునకు 20 లీటర్లు పారునప్పుడు పీడన భేదము 10 కిలోపాస్కళ్ళు. శక్తి 200 వాట్లు. వడపోత పూడి ప్రవాహము 10 లీటర్లకు తగ్గినచో భేదము 15 కిలోపాస్కళ్ళు, శక్తి 150 వాట్లు. ప్రవాహము 5 లీటర్లయినచో భేదము 17.5 కిలోపాస్కళ్ళు; శక్తి 87.5 వాట్లు మాత్రమే. పంఖా వద్ద పీడన భేదము పెరుగుచుండగా పని తగ్గిపోవుచున్నది! ఆ మిగిలిన శక్తిలోను పెక్కుభాగము పూడిన వడపోతను దాటుటకే వ్యయమగును. మూతి వద్దకు చేరునది స్వల్పము.

పెట్టెపై ముద్రించు 1400 వాట్లు, 1600 వాట్లు అనునవి మోటారు విద్యుత్తును తినెడి లెక్క. గాలికి అందు శక్తి అందులో కొంతభాగమే. అన్నము ఎక్కువ తినువాడు పని ఎక్కువ చేయునని నియమము లేదు గదా!

కోర్టుకెక్కిన కొలత

1978 ప్రాంతమున జేమ్స్ డైసన్ అను ఆంగ్లేయుడు తన యంత్రము త్వరలోనే నీరసించుటను గమనించి, సంచి రంధ్రములు సన్నని దుమ్ముతో పూడుటే కారణమని గ్రహించెను. గాలిని సుడిగా త్రిప్పి దుమ్మును వేరుచేయు పద్ధతిని అతడు చేపట్టెను. ఇందుకు 5,127 నమూనాలు చేసినట్లు చెప్పియున్నాడు. ఇంగ్లండులో అతని సొంత కంపెనీ యంత్రము 1993 లో వెలువడెను. ఈ పద్ధతిలోను మిక్కిలి సన్నని ధూళికి వడపోత అవసరమే; దానిని కడుగుచుండవలసినదే.

ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరు నుండి ఈ యంత్రములకు 1600 వాట్లు, 2017 సెప్టెంబరు నుండి 900 వాట్లు పరిమితిగా విధించెను. 2014 లోనే శక్తి పొదుపును తెలుపు చీటీని కూడ అంటింపజేసెను. కాని ఆ పరీక్షను ఖాళీ సంచితో జరిపెడివారు. ఇంటిలో సంచి ఖాళీగా ఉండునది తొలినాడే! డైసన్ కంపెనీ న్యాయస్థానమునకు పోగా, ఒకసారి ఓడి, అప్పీలు పిమ్మట 2018 నవంబరులో గెలిచెను. వాడుకకు వీలైనంత దగ్గరగా నుండు పరిస్థితులలో కొలువవలెనని చెప్పి, న్యాయస్థానము ఆ చీటీ నిబంధనను రద్దుచేసెను.

నడిమి వెలలో మెలిక

అంగడిలో కొనువానికి కనబడునవి వాట్లు, రంగు, వెంట ఇచ్చు బ్రష్షుల సంఖ్య. కనబడనివి వడపోత వైశాల్యము, కీళ్ళ బిగువు, మూతి నిర్మాణము. నడిమి వెలలో అన్నియు ఇముడవు. అందుచే కనబడువానిపై ఖర్చుపెట్టి కనబడనివానిపై పొదుపుచేయు ప్రలోభము తయారీదారునకు కలుగును. అందరును ఇట్లే చేయుదురని కాదు. వడపోత ఎంత గొప్పదైనను కీళ్ళు వదులైనచో గాలి దానిని తప్పించుకొని సన్నని ధూళితో గదిలోనికి మరలివచ్చును.

మరియొక విషయము. బూత్, స్పాంగ్లర్ల యంత్రములు తివాచీల కొరకు పుట్టినవి. మన దేశమున 1982 నుండి యురేకా ఫోర్బ్స్ కంపెనీ వీనిని ఇంటింటికి తిరిగి అమ్మెను. కడప రాయి, షాబాదు రాయి పరచిన తెలుగువారి ఇండ్లలో తివాచీలు అరుదు. కిటికీలు తెరచియుండుటచే సన్నని దుమ్ము మెండు. నున్నని నేలపై దుమ్మును లేపుట సులభమే గాని, ఆ సన్నని దుమ్మే వడపోతను త్వరగా పూడ్చును. అందుచే ఇచ్చట వాట్లకంటె వడపోత సులభముగా ఊడివచ్చుటయు, కడుగుటకు వీలుండుటయు, మారు వడపోత ఊరిలో దొరకుటయు ముఖ్యము.

ఈ సూత్రమును తరగతిలో చూపుట కష్టము కాదు. సన్నని గొట్టము చివర పలుచని గుడ్డ కట్టి, దానితో కాగితపు ముక్కలను పీల్చి ఎత్తింపవలెను. పిదప గుడ్డను రెండు, మూడు, నాలుగు మడతలు చేసి అదే పనిని మరల చేయింపవలెను. పీల్చెడి విద్యార్థి బుగ్గలు లోనికి పోవును, శ్రమ హెచ్చును, కాగితము మాత్రము లేవదు. పెట్టె మీది అంకె చెప్పునది ఆ శ్రమను మాత్రమే. కొనువాడు అడుగవలసినది ఎన్ని కాగితములు లేచునని.