కుండీలో స్ప్రూస్ పెంపకం

స్ప్రూస్ పైన్ కుటుంబానికి చెందిన సతతహరిత వృక్షం. దీని ప్రజాతి పేరు పైసియా. ఇందులో సుమారు 35 జాతులు ఉత్తరార్ధగోళపు శీతల ప్రాంతాలలో పెరుగుతాయి. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో దీనిని కుండీలలో పెంచి క్రిస్మస్ పండుగకు అలంకరిస్తారు. తెలంగాణ మైదానాలలో ఇది బతకదు. ఇక్కడ క్రిస్మస్ చెట్టు పేరుతో పెంచేది సాధారణంగా అరకేరియా అనే వేరొక వృక్షం.

లక్షణాలు

ఆకులు సూదులవలె, ఎక్కువ జాతులలో నాలుగు పలకలుగా ఉంటాయి. ప్రతి ఆకు కొమ్మపై చిన్న చెక్క మొటిమ వంటి భాగానికి అంటి ఉంటుంది. ఆకు రాలిన తరువాత కూడా అది మిగిలి, కొమ్మ గరుకుగా కనిపిస్తుంది. కాయలు కిందికి వేలాడుతాయి. భారతదేశంలో పైసియా స్మితియానా జాతి పశ్చిమ హిమాలయాలలో సహజంగా పెరుగుతుంది.

కుండీకి తగిన రకం

పొట్టి ఆల్బెర్టా స్ప్రూస్ కుండీలకు ప్రసిద్ధమైనది. ఇది తెల్ల స్ప్రూస్‌లో ఏర్పడిన మరుగుజ్జు రూపం. దీనిని 1904లో కెనడాలోని ఆల్బెర్టాలో కనుగొన్నారు. ఏడాదికి 5 నుండి 10 సెంటీమీటర్లు మాత్రమే పెరుగుతుంది.

పెంచే విధానం

* కుండీ అడుగున రంధ్రాలు ఉండాలి. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.
* కొద్దిగా ఆమ్లగుణం కలిగి, నీరు ఇంకిపోయే మట్టి అవసరం.
* రెండు మూడేళ్ళకొకసారి కుండీ మార్చాలి. లేనిచో వేళ్ళు గుండ్రంగా చుట్టుకొని చెట్టు క్షీణిస్తుంది.
* పండుగకు ఇంటిలో ఉంచడం వారం పది రోజులకు మించరాదు. వెచ్చదనానికి మొగ్గలు మేల్కొంటే, తిరిగి బయట ఉంచినపుడు మంచుకు మాడిపోతాయి.

తెలంగాణ వాతావరణంలో

స్ప్రూస్ మొగ్గలు చక్కగా విచ్చుకోవాలంటే చెట్టు వారాల తరబడి గట్టి చలిలో నిద్రావస్థలో గడపాలి. నిజామాబాదు జిల్లాలోని దొంకేశ్వర్, ఆర్మూరు ప్రాంతాలలో డిసెంబరు తెల్లవారుజామున చలి ఉన్నా, పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. నేలకంటె కుండీలోని మట్టి త్వరగా వేడెక్కడం వలన, పైపైనే పాకే స్ప్రూస్ వేళ్ళు ముందుగా దెబ్బతింటాయి. వేడిని, తేమను కోరే పసుపు పంటకు అనువైన ఈ వాతావరణమే స్ప్రూస్‌కు ప్రతికూలం. ఎ.సి. గదిలో ఉంచినా ప్రయోజనం లేదు. అక్కడ తగినంత వెలుతురు, తేమ ఉండవు.

ప్రత్యామ్నాయం

ఇక్కడ పెంచే అరకేరియా జాతులు దక్షిణ పసిఫిక్ దీవులకు చెందినవి. నార్ఫోక్ దీవి జాతి, న్యూ కాలెడోనియా జాతి రెండూ లేతదశలో ఒకేలా కనిపిస్తాయి. కొమ్మలు కాండం చుట్టూ అంతస్తులుగా వస్తాయి. లేత మొక్క ఆకులు మెత్తగా ఉంటాయి. కొనేటపుడు స్ప్రూస్‌ను గుర్తించడానికి ఈ తేడా చాలు.

ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన కుండీలో ఇది పెరుగుతుంది. నల్లరేగడి ఒక్కటే వాడితే నీరు నిలుస్తుంది. వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడ కల్పించాలి. వెలుతురు వైపు వంగకుండా కుండీని అప్పుడప్పుడు తిప్పాలి. తల తుంచరాదు; తుంచితే చెట్టు తన శంకు ఆకారాన్ని కోల్పోతుంది. పక్కకొమ్మను నాటితే అది నిటారుగా కాక అడ్డంగానే పెరుగుతుంది. కనుక విత్తనం నుండి లేదా తలకొమ్మ నుండి పెంచిన మొక్కనే ఎంచుకోవాలి.