వాక్చికిత్స కధికారు లెవ్వరు?



కంఠతాల్వాది స్థానములను మన శిక్షాశాస్త్రము ఏనాఁడో నిర్ణయించినది. ఆ చదువిచ్చిన ధైర్యముతోనే నేనొక నత్తిగల బాలునిచేత నిత్యమును తరగతి యెదుట కచటతపలు వల్లె వేయించితిని. నత్తి తగ్గలేదు; వాఁడు నోరు తెఱచుటయే మానెను. ఉచ్చారణము నేర్పుట వేఱు, వాగ్దోషమును మాన్పుట వేఱు.

ఈ రెండవ విద్యకై 1965లో మైసూరున అఖిలభారత వాక్శ్రవణసంస్థ వెలసెను. విద్య వచ్చినను హద్దు వెంటనే రాలేదు. 1992లో పార్లమెంటు భారత పునరావాస పరిషత్తు చట్టమును చేసెను. అందుఁ బేర్కొన్న వృత్తులలో శ్రవణ, వాక్చికిత్సకులది మొదటిది. పరిషత్తు రిజిస్టరులో పేరెక్కనివాఁడు ఈ వృత్తి చేసినచో నొక యేఁడు వఱకు చెఱ, లేదా వేయి రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. వేయి రూపాయలు నేఁడేపాటి? అయినను హద్దు హద్దే.

ఆ హద్దులోపల నత్తి యొక్కటియే కాదు. పక్షవాతమున మాట పడిపోయినవానికి మాట తెప్పించుట, మ్రింగుడు పడనివానికి మ్రింగుట నేర్పుట వీరి పనియే. చీలిన యంగిలిని కుట్టుట శస్త్రవైద్యునిది. పిదపఁ బలుకు దిద్దుట వీరిది.

ఆ బాలుని తండ్రి నన్నడిగిననాఁడు మైసూరు త్రోవ చెప్పవలసినవాఁడను, కచటతపలు చెప్పితిని.