చూపూ, ఎరుకా: గాయపడ్డ సిపాయిల సాక్ష్యం

చైతన్యం దేహానికి వెలుపలినుంచి వచ్చి చేరిన జ్యోతి అని భావవాదులు యుగాలుగా చెబుతూ వచ్చారు. కన్ను ఒక కిటికీ అనీ, ఆ కిటికీలోంచి చూసేవాడు వేరే ఉన్నాడనీ వారి వాదం. ఈ వాదానికి గట్టి దెబ్బ తగిలింది పండితుల తర్కసభల్లో కాదు, యుద్ధరంగంలో. తలలోంచి తూటా దూసుకుపోయినా ప్రాణంతో మిగిలిన మామూలు సిపాయిలే అందుకు సాక్షులు. శాస్త్రచరిత్రలో వారి పేర్లు నిలవలేదు. వారి గాయాల కొలతలు నిలిచాయి.

1904-05లో మంచూరియా, కొరియాల మీద పెత్తనం కోసం రష్యా, జపాన్ సామ్రాజ్యాలు తలపడ్డాయి. జపాన్ గెలిస్తే ఆసియా గెలిచిందని మన దేశంలో కూడా ఎందరో జాతీయవాదులు సంబరపడ్డారు. ఆ గెలుపు వెల ఎంతో తత్సుజీ ఇనౌయే అనే యువ నేత్రవైద్యుడు దగ్గరనుంచి చూశాడు. తలకు దెబ్బ తగిలిన సైనికుల్లో ఎవరికి ఎంత చూపు పోయిందో తేల్చడం ప్రభుత్వం అతనికి అప్పగించిన పని. పోయిన చూపును బట్టి పింఛను!

రష్యన్ సైన్యం చేతిలో ఉన్న 1891 నమూనా రైఫిలు 7.62 మిల్లీమీటర్ల తూటాను మహావేగంతో వదిలేది. పాతకాలపు పెద్ద గుండు తగిలితే పుర్రె బద్దలయ్యేది. ఈ సన్నని తూటా ఒకవైపు దూరి, మరోవైపు తిన్నగా వెళ్ళిపోయేది. మనిషి కొన్నిసార్లు బతికేవాడు. ఇనౌయే ఒక కొలత పరికరాన్ని తయారుచేసుకుని, రెండు రంధ్రాలను బట్టి మెదడులో తూటా నడిచిన దారిని లెక్కగట్టాడు. సైనికుడికి ఎదుటి దృశ్యంలో ఏ భాగం కనబడడం లేదో దానితో పోల్చాడు. మెదడు వెనుక భాగంలో మనం చూసే ప్రపంచానికి ఒక పటం ఉందని తేలింది. చూపు నడిమి భాగానికి తల వెనుక కొసన చోటు. అంచులకు దాని ముందువైపు. నడిమి భాగానికి దక్కిన చోటు చాలా పెద్దది. ఈ ఫలితాలు 1909లో లైప్‌జిగ్‌లో జర్మన్ భాషలో వెలువడ్డాయి.

సంవేదన మెదడు అనే పదార్థపు ధర్మమేనని వాదించిన లెనిన్ తాత్విక గ్రంథం కూడా ఆ 1909లోనే అచ్చయింది. రెండు పుస్తకాలకూ సంబంధం లేదు. కాని ఒకటి సిద్ధాంతంగా చెప్పినదానికి, రెండవది మిల్లీమీటర్లలో ఆధారం చూపింది.

కథ ఇంతటితో ముగిస్తే మనం యాంత్రిక భౌతికవాదం దగ్గరే ఆగిపోతాం. ఈ పటమే ఎరుకా? పటం చిరిగిన చోట చూపు పూర్తిగా శూన్యమేనా?

మొదటి ప్రపంచ యుద్ధం ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఫ్రాన్స్‌లోని సైనిక ఆస్పత్రిలో గోర్డన్ హోమ్స్, విలియం లిస్టర్‌తో కలిసి ఎందరో క్షతగాత్రులను పరీక్షించి, 1916 నుంచి ఆ పటాన్ని మరింత స్పష్టం చేశాడు. జార్జ్ రిడాక్ అనే మరో వైద్యుడు 1917లో ఒక వింత విషయం ప్రకటించాడు. గుడ్డిదని తేలిన భాగంలో వస్తువు కదలకుండా ఉంటే రోగికి ఏమీ కనబడదు. అది కదిలితే మాత్రం ఏదో కదిలిందని చెబుతాడు. రూపమూ, రంగూ చెప్పలేడు. హోమ్స్ దీన్ని అంగీకరించలేదు. పెద్ద వైద్యుడి మాటే చాలాకాలం చెల్లింది. సిపాయిలు చెప్పిన సంగతి మూలనపడింది.

1973లో లండన్‌లో ఒక రోగికి మెదడు వెనుక కుడివైపు శస్త్రచికిత్స జరిగింది. ఎడమవైపు దృశ్యం అతనికి దాదాపు పోయింది. వైస్‌క్రాంట్జ్, వారింగ్టన్ తదితరులు పరీక్షించగా, తనకేమీ కనబడడంలేదని చెబుతూనే అతను వెలుగు పడిన చోటుకు చెయ్యి చాపాడు. నిలువు గీతనూ, అడ్డగీతనూ వేరుచేశాడు. తాను ఊహించి చెబుతున్నాననే అతని నమ్మకం. దీనికి ‘అంధదృష్టి’ అని పేరు పెట్టారు. అంటే మెదడు గ్రహించడం వేరు, గ్రహించానని మనిషికి తెలియడం వేరు. 1990ల్లో మరో రోగి మీద జరిగిన పరిశోధనల్లో, తొలి దృష్టిపటం దెబ్బతిన్నా కదలికను పట్టే మరో ప్రాంతం పనిచేస్తోందనీ, అతనికి కదలిక తెలుస్తోందనీ తేలింది. రిడాక్ సిపాయిలు చెప్పింది నిజమేనని ఒప్పుకోవడానికి సుమారు 80 ఏళ్ళు పట్టింది!

ఎరుకకు ఆధారమైన నాడీక్రియను వెతకాలని 1990లో క్రిక్, కోఖ్ పిలుపునిచ్చారు. పాతికేళ్ళలో అది దొరుకుతుందని 1998లో కోఖ్, తత్వవేత్త చామర్స్‌తో పందెం కాశాడు. 2023లో ఓటమి ఒప్పుకున్నాడు. దీన్ని చూసి భావవాదులు పండగ చేసుకోనక్కరలేదు. సమాధానం ఇంకా దొరకలేదంటే ఆత్మ దొరికిందని అర్థం కాదు. మెదడు గాయపడితే ఎరుక ఏ మేరకు, ఏ తీరున చీలుతుందో ఈ చరిత్ర పొడుగునా కనబడుతూనే ఉంది.

యాంత్రికవాదులు నేర్చుకోవలసింది కూడా ఉంది. తూటా దారిని కొలబద్దతో కొలవవచ్చు. ఎరుకను మాత్రం ఆ మనిషిని అడిగే తెలుసుకోవాలి. అతని మాటను తోసిపుచ్చినచోట శాస్త్రమే వెనకబడింది. ఏ సామ్రాజ్యం కోసమో చూపు పోగొట్టుకుని, పింఛను గుమాస్తా ముందు తన చీకటిని రుజువు చేసుకోవలసివచ్చిన మనిషి ఈ విజ్ఞానానికి కేవలం ముడిసరుకు కాదు, భాగస్వామి. పాఠ్యపుస్తకంలో మెదడు పటం చూపించే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ సంగతి కూడా చెప్పాలి.