పరీక్షా వేదికల ఎంపిక: ఓపెన్ సోర్స్ అనుభవం

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన తెలుగు అక్షరం ఐఫోన్లలో పలు యాప్‌లను కుప్పకూల్చింది. ఆ అక్షరంలో కంటికి కనబడని ఒక సంకేతం చేరినప్పుడు, దానిని తెరపై చిత్రించే ప్రోగ్రామ్ దారితప్పేది. యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఇబ్బందే లేదు. అందువల్ల ఒక వేదికపై పరీక్షించి, అన్నిటిపైనా పనిచేస్తుందని చెప్పలేం.

కోడ్ మారిన ప్రతిసారీ బిల్డ్ చేసి పరీక్షించే పనిని యంత్రానికే అప్పగించే పద్ధతికి 2001లో వచ్చిన క్రూయిజ్‌కంట్రోల్ తొలి ప్రసిద్ధ సాధనాలలో ఒకటి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో కొహ్సుకే కవాగుచి రూపొందించిన హడ్సన్ ప్రాజెక్టులో, ఒరాకిల్‌తో పేరు విషయమై తగవు వచ్చి, 2011లో జెంకిన్స్ ఏర్పడింది. ఇవి ఉచితమే గాని సర్వర్ మనదే కావాలి. కర్నూలులోనో కడపలోనో ఒక్క పాత లాప్‌టాప్‌తో చదువుకునే విద్యార్థికి విండోస్, మ్యాక్, లినక్స్ యంత్రాలు మూడూ ఎక్కడి నుంచి వస్తాయి?

ఆ లోటు తీర్చినది 2011లో బెర్లిన్‌లో మొదలైన ట్రావిస్ సీఐ. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అది తన యంత్రాలను ఉచితంగా ఇచ్చింది. 2019లో ఐడెరా సంస్థ దానిని కొన్నది. 2020 నవంబరులో ఉచిత వాడకానికి పరిమితులు వచ్చాయి. 2021 జూన్‌లో పాత ఉచిత సైట్ మూతపడింది. అనేక ప్రాజెక్టులు గిట్‌హబ్ యాక్షన్స్‌కు తరలాయి. వేదిక ఉచితమా కాదా అన్నదానికన్నా, విడిచి వెళ్లడం ఎంత సులువన్నదే ముందు చూడవలసినదని ఈ తరలింపు చూస్తే అనిపిస్తుంది. బిల్డ్ దశలన్నీ ట్రావిస్ ఫైలులోనే రాసుకున్నవారు వాటిని తిరగరాయవలసి వచ్చింది. మేక్‌ఫైల్‌లోనో సొంత స్క్రిప్టులోనో ఉంచుకున్నవారికి కొద్ది వరుసల మార్పుతో పని జరిగింది.