కట్టుడు పళ్ళ పీఠం: దిశ, బలం, ప్రమాణం – ఒక చారిత్రక పరిశీలన

కీలక పదాలు: కట్టుడు పళ్ళు, వల్కనైట్, ఆక్రిలిక్, ముద్రిత రెజిన్, వంపు బలం

ప్రస్తావన

కట్టుడు పళ్ళలో పళ్ళను మోసే గులాబీరంగు భాగాన్ని ఈ వ్యాసంలో పీఠం అంటున్నాను. చాలాకాలంగా అచ్చులో నింపి వేడితో గట్టిపరుస్తూ వచ్చిన ఈ భాగాన్ని నేడు యంత్రం ద్రవరూప రెజిన్ నుంచి పొర మీద పొరగా ముద్రిస్తున్నది. ఈ ముద్రిత రెజిన్ నమిలేటప్పటి ఒత్తిడికి తట్టుకొని నిలుస్తుందా అన్నది దంతవైద్య పరిశోధనలో విస్తృతంగా చర్చకు వస్తున్న విషయం. ఆ చర్చ ప్రధానంగా అంకెల చుట్టూ సాగుతుంది. ఆ అంకెలనిచ్చే కొలబద్ద ఏ పదార్థాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. పీఠానికి వాడిన పదార్థాల చరిత్రను ఆ ప్రశ్నతో చదివే ప్రయత్నమిది.

కర్ర, దంతం

జపాన్‌లోని వకయామాకు చెందిన బౌద్ధ సన్యాసిని నకఓకా తెయి 1538లో మరణించింది. ఆమె ధరించిన కర్ర పళ్ళ కట్టు నేటికీ మిగిలి ఉంది. లభ్యమైన కర్ర కట్టుడు పళ్ళలో దానినే అత్యంత ప్రాచీనమైనదిగా పరిగణిస్తారు. ఇటువంటి కట్లకు అక్కడ 'త్సుగె' అనే గట్టి కర్రను వాడేవారు. బుద్ధ విగ్రహాలు చెక్కే శిల్పుల పనితనం నుంచే ఈ విద్య ఎదిగిందని చరిత్రకారుల అభిప్రాయం. ఐరోపాలో 18వ శతాబ్దం నాటికి నీటిగుర్రం దంతాన్ని చెక్కి పీఠాలు చేసేవారు. జార్జ్ వాషింగ్టన్ కర్ర పళ్ళు పెట్టుకొనేవాడన్న కథ ప్రసిద్ధమే గాని నిజం కాదు. ఆయన పళ్ళ కట్లలో ఉన్నవి దంతం, లోహం, మనుషుల పళ్ళు, జంతువుల పళ్ళు.

కర్రకూ దంతానికీ అంతర్నిర్మాణంలో ఒక దిశ ఉంటుంది. కర్ర పీచు వెంట సులభంగా చీలుతుంది, పీచుకు అడ్డంగా విరచడం కష్టం. చెక్కే వ్యక్తి ముక్కను చేతిలోకి తీసుకోగానే పీచు ఎటు సాగుతున్నదో చూసుకోవాలి. ఈ పదార్థం ఎంత బలమైనదని అతణ్ణి అడిగితే, ఏ వైపు నుంచి అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

వల్కనైట్: అచ్చు యుగం

19వ శతాబ్ది మధ్యలో ఈ ఎదురు ప్రశ్నకు అవసరం తొలగిపోయింది. నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో గట్టి రబ్బరుకు పేటెంటు పొందాడు. రబ్బరులో గంధకాన్ని అధికంగా కలిపి, ప్లాస్టర్ అచ్చులో కూరి, ఆవిరి ఒత్తిడిలో వేడిచేస్తే నోటి ఆకృతికి సరిపోయే గట్టి పీఠం తయారయ్యేది. ఇదే వల్కనైట్. దంతం కన్నా ఎంతో చౌక కావడంతో మధ్యతరగతికి కూడా కట్టుడు పళ్ళు అందుబాటులోకి వచ్చాయి.

దీని చరిత్రలో ఒక హత్య కూడా ఉంది. వల్కనైట్ పీఠాలపై జాన్ కమింగ్స్‌కు 1864లో లభించిన పేటెంటు గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ దంతవైద్యుల నుంచి లైసెన్సు రుసుములు వసూలు చేస్తూ, చెల్లించనివారిపై వరుసగా దావాలు వేసింది. సుప్రీంకోర్టు సైతం పేటెంటును సమర్థించింది. 1879 ఏప్రిల్‌లో, ఈస్టర్ ఆదివారం నాడు, కంపెనీ కోశాధికారి జొసయ్య బేకన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్ఫంట్ అనే దంతవైద్యుడు తుపాకితో కాల్చి చంపాడు. 1881లో పేటెంటు గడువు ముగిసింది. ఈ మొత్తం వివాదం తయారీ హక్కుకూ ధరకూ సంబంధించినది. పీఠం బలం అందులో చర్చకు రాలేదు. అచ్చులో ఒకే ముద్దగా గట్టిపడిన రబ్బరుకు పీచు లేదు గనుక దిశ ప్రస్తావన అసలే లేదు. (దీనిని 'దిక్కులేని పదార్థం' అందామంటే తెలుగులో ఆ మాటకు మరో విషాదార్థం ఉన్నది. అందుచేత 'దిశారహితం' అంటున్నాను.)

ఆక్రిలిక్, దాని కొలబద్ద

1930లలో వచ్చిన ఆక్రిలిక్, అంటే పాలీమిథైల్ మెథాక్రిలేట్, చిగుళ్ళ రంగును దాదాపు యథాతథంగా పోలడంతో ముదురు రంగు వల్కనైట్‌ను త్వరలోనే పక్కకు నెట్టింది. పొడినీ ద్రవాన్నీ కలిపి, పిండిలా ముద్ద చేసి, అచ్చులో నొక్కి, వేడినీటిలో గంటల తరబడి ఉంచే పద్ధతి స్థిరపడింది. ఇది కూడా దిశారహిత పదార్థమే.

ఆక్రిలిక్ పీఠం విరుగుతుంది. కడిగేటప్పుడు చేయి జారి పడితే ఒక్క దెబ్బకు విరుగుతుంది. నోటిలోనైతే నెమ్మదిగా, అలసట వల్ల విరుగుతుంది. కాలక్రమంలో దవడ ఎముక అరిగి ఆధారం తగ్గినప్పుడు పై పీఠం ప్రతి నములుకూ మధ్యరేఖ వద్ద స్వల్పంగా వంగుతుంది. పెదవి లోపలి మడతకు చోటిచ్చేందుకు పీఠం అంచున తీసిన గాడి దగ్గర ఒత్తిడి కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. అది విరిగిన రోజు నుంచి బాగయ్యే దాకా ఒక వృద్ధురాలి భోజనం గంజికో మెత్తటి అన్నానికో పరిమితమవుతుంది.

ఈ నేపథ్యంలోనే వంపు బలానికి ప్రమాణాలు ఏర్పడ్డాయి. ఐ.ఎస్.ఓ. 20795-1 ప్రకారం 64 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు, 3.3 మి.మీ. మందం గల పట్టీని 37 డిగ్రీల నీటిలో 50 గంటలు నానబెడతారు. దానిని 50 మి.మీ. ఎడంగల రెండు ఆధారాలపై ఉంచి నడుమ భారం మోపుతారు. వేడితో గట్టిపడే పాలిమర్లకు కనీసం 65 మెగాపాస్కల్‌ల వంపు బలం ఉండాలి. కాంతితో గట్టిపడే పదార్థాలకూ ఆ ప్రమాణంలో ఒక వర్గం ఉంది. అయితే పట్టీ ఏ దిశలో నిర్మితమైందో అడగవలసిన సందర్భం అచ్చు యుగానికి లేదు.

ముద్రిత రెజిన్

ద్రవ రెజిన్‌ను కాంతితో పొరలుగా గట్టిపరిచే పద్ధతిపై నగోయాలో హిదేఓ కొదామా పరిశోధన 1981లో వెలువడింది. అమెరికాలో చార్లెస్ హల్ 1984లో దరఖాస్తు చేసిన పేటెంటు 1986లో మంజూరైంది. దంతవైద్యంలో ఈ సాంకేతికత మొదట చేరింది నోటిలోకి కాదు, పనిబల్ల మీదకు. 1997లో ఏర్పడిన అలైన్ టెక్నాలజీ పళ్ళ నమూనాలను ముద్రించి, వాటి మీద పారదర్శక పలకలను నొక్కి పళ్ళను సరిచేసే తొడుగులు తయారుచేసింది. బల్ల మీది నమూనా ఏళ్ళ తరబడి నమలనక్కరలేదు. పీఠానికి ఆ మినహాయింపు లేదు. పీఠాల కోసం తయారైన ముద్రిత రెజిన్‌కు అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతి 2015లో డెంట్కా సంస్థకు లభించింది.

ఈ పదార్థంతో దిశ తిరిగి వచ్చింది. ప్రతి పొరా సాధారణంగా 50 లేదా 100 మైక్రాన్ల మందం ఉంటుంది. కాంతి సోకినప్పుడు పొర పాక్షికంగానే గట్టిపడి, తరువాతి పొరతో బంధం ఏర్పడేందుకు కొంత రసాయన శక్తిని మిగుల్చుకుంటుంది. ముద్రణ ముగిశాక వస్తువును ఆల్కహాల్‌లో కడిగి, మళ్ళీ కాంతిలో ఉంచి మిగిలిన చర్యను పూర్తిచేస్తారు. కడగడం ఎక్కువైనా, ఆ తుది కాంతి తక్కువైనా బలం తగ్గుతుంది. ఇక పట్టీని పడుకోబెట్టి ముద్రించారా, నిలబెట్టి ముద్రించారా, వాలుగానా అన్నదానిని బట్టి భారం పొరలకు అడ్డంగా పడుతుందో, పొరల అతుకును విడదీసే వైపు పడుతుందో మారుతుంది. ఏ కోణం ఉత్తమమన్న విషయంలో అధ్యయనాలు ఏకీభవించవు. రెజిన్, యంత్రం, కడిగిన తీరు అన్నీ వేరువేరు కావడం దానికి ఒక కారణం కావచ్చు. అధిక ఒత్తిడిలో గట్టిపరిచిన ఆక్రిలిక్ దిమ్మె నుంచి యంత్రం కోసిన పీఠం ముద్రిత పీఠం కన్నా సాధారణంగా బలంగా ఉంటుందన్న ఫలితం మాత్రం పదేపదే వెలువడుతున్నది.

తెలుగులో 'కట్టు' అంటే బంధించడమూ, నిర్మించడమూ. గోడ కట్టినట్టు వరుసలు పేర్చే ఈ ముద్రణకు రెండవ అర్థమే దగ్గరిది. గోడ బలం ఇటుకది ఎంతో, అతుకుది అంత.

ఈ దృష్టితో చూస్తే, 65 మెగాపాస్కల్‌లు దాటిందన్న ఒక్క వాక్యం ముద్రిత రెజిన్ విషయంలో అసంపూర్ణమైన సాక్ష్యం. కొలిచింది నేరుగా ఉండే పట్టీని, నోటిలో పెట్టేది అంగిలి వంపును. యంత్రంలో ఏ కోణంలో నిలబెట్టినా, ఆ వంపులో పొరలు ఒకచోట ఉపరితలానికి సమాంతరంగా, మరోచోట నిట్టనిలువుగా తగులుతాయి. మధ్యరేఖ వద్ద, గాడి దగ్గర అవి ఎటు ఉన్నాయో పట్టీ చెప్పలేదు. బలాన్ని నివేదించే ప్రతి పరిశోధనా, ప్రతి తయారీదారుడూ అంకె పక్కనే ముద్రణ కోణాన్ని, పొర మందాన్ని, కడిగిన కాలాన్ని, తుది కాంతి వ్యవధిని నమోదు చేయాలి. ఇవి లేనిచోట రెండు రెజిన్ల మధ్య చేసే పోలిక పీచు దిశ చూడకుండా రెండు కర్రముక్కలను పోల్చడం వంటిది.