అకార్డియను ఎడమచేయి

వరంగల్లు ప్రాంతపు పల్లెలలో చిందు యక్షగానము జరుగునప్పుడు మద్దెల, తాళములతోపాటు హార్మోనియము వినబడుట మన మెరిగినదే. వాయించువాని కుడిచేయి మెట్లపై పరుగిడును. ఎడమచేయి తిత్తి నాడించుచుండును. దానికి తోబుట్టువైన అకార్డియనులో ఎడమచేయి తిత్తిని సాగదీయుచునే తానును పలుకును. ఈ భేదములో రెండు సంగీతముల చరిత్ర ఇమిడి యున్నది.

1829లో వియన్నా నగరమున సిరిల్ డెమియన్ అను వాద్యనిర్మాత అకార్డియనుకు పేటెంటు పొందెను. ఒక్క మీట నొక్కినంతనే పలు స్వరములు కలిసి పలుకుట దాని విశేషము. అట్టి స్వరసముదాయమును పశ్చిమదేశీయులు కార్డు అందురు. వాద్యము పేరును అందుండియే వచ్చినది. పిమ్మట ఇటలీలోని స్ట్రాడెల్లా పట్టణము పేర ప్రసిద్ధమైన అమరికలో ఎడమప్రక్క 120 బొత్తాములు 6 వరుసలుగా నుండును. రెండు వరుసలు విడి మంద్రస్వరములవి. తక్కిన నాలుగును కార్డులవి.

ఈ బొత్తాముల క్రమము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. ఒక స్వరమునకు ప్రక్కనే దాని పంచమ ముండును. దాని కావల ఆ పంచమమునకు పంచమము. నాట్యశాస్త్రము చెప్పిన షడ్జ పంచమ సంవాదమే ఇచ్చట వ్రేళ్లకు దారి చూపుచున్నది. ఒక్కొక్క కార్డు బొత్తాము సాధారణముగా మూడు స్వరములనే పలుకును. నేర్పరి రెండు బొత్తాములను జతచేసి, పెట్టెలో లేని పెద్ద కార్డులను కల్పించును. మంద్రషడ్జముతో అంతర గాంధారపు మైనరు బొత్తామును నొక్కినచో స, గ, ప లతో కాకలి నిషాదము వినబడును. షడ్జపు మేజరు బొత్తామునకు పంచమపు మైనరు బొత్తామును చేర్చినచో స, గ, ప లకు కైశికి నిషాదము, చతుశ్రుతి రిషభము తోడగును.

పారిస్‌లో 1842లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు పొందిన హార్మోనియము కాళ్లతో త్రొక్కునది; రెండు చేతులును మెట్లపైనే యుండెడివి. 19వ శతాబ్ది చివర కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలపై కూర్చుండి చేతితో తిత్తి నాడించు పెట్టెగా మార్చెను. ఎడమచేతికి తిత్తిపని పడగా కార్డులు తొలగినవి. ఏకస్వర గానమునకు వలసిన కుడిచేయి మిగిలినది. అట్టి పెట్టెనే సురభివారు మొదలుగా తెలుగు నాటకసమాజములు ఆదరించినవి.

అయినను ఆల్ ఇండియా రేడియో 1940 మార్చి 1 నుండి హార్మోనియమును నిషేధించినది. మెట్లపై గమకము పలుకదనియు, దాని స్వరములు మన శ్రుతులకు సరిపడవనియు ఆక్షేపణ. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. అకార్డియనుకు అది మరింత వర్తించును: తోడి గాంధారము కంపించుచుండగా క్రింద కదలని గాంధారముతో కార్డు నిలిచినచో రెండును పొసగవు. అందుచేత ఆ వాద్యము కచేరీలలోకంటె సినిమా వాద్యబృందములలో ఎక్కువగా నిలదొక్కుకొన్నది. 1964 నాటి 'సంగమ్' చిత్రమున రాజ్ కపూర్ చేత నున్నదియు అదియే.

ఓరుగల్లు నేలిన గణపతిదేవుని గజసాహిణి జాయపుడు తన 'నృత్తరత్నావళి'లో నాలుగధ్యాయములు మార్గమునకును, నాలుగు దేశికిని కేటాయించెను. క్రొత్తదానిని తరుమక, దాని లక్షణ మెరిగి చోటు చూపుట ఆ పద్ధతి. అకార్డియను విషయమునను అదియే తగునని మా అభిప్రాయము. రాగాలాపనలో షడ్జ పంచమముల విడి బొత్తాములు శ్రుతిగా చాలును. లలితగీతములో రాగమున కొప్పిన కార్డులను నిండుగా వాడవచ్చును. తక్కిన బొత్తాములను ముట్టకుండుటయు ఎడమచేయి నేర్వవలసిన విద్యయే.